పాత కారుకు ఏ ఆయిల్ పోయాలి?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఈ రోజు మూడు జిల్లాలు. 2016 అక్టోబరుకు ముందు ఇవన్నీ పాలమూరు జిల్లాలోనివే. ఆ పాలమూరులో పెద్ద సారు వస్తున్నాడంటే ముందు కనిపించేది తెల్ల అంబాసిడరో, లేకుంటే మహీంద్రా జీపో. డాక్టర్లు, వకీళ్లు, పత్తి వ్యాపారులు ఫియట్ కొనేవాళ్లు. దానికే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్ తయారీని 2014 మే నెలలో ఆపేశారు. కుర్లాలో తయారైన పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మొదటి మారుతి 800లకు కూడా ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి. ఈ బండ్లను ఇంకా ఇష్టంగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నాన్న కారని ఉంచుకున్నవాళ్లు కొందరు, పాతది కొని బాగు చేయించుకుంటున్న కుర్రవాళ్లు కొందరు. వాళ్లందరికీ తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోయాలి?

ఈ ప్రశ్నకు మన దగ్గర మూడు జవాబులు తిరుగుతుంటాయి. ఖరీదైనది పోస్తే ఇంజిన్‌కు మంచిదనేది మొదటిది. పాత ఇంజిన్ కాబట్టి ఎంత చిక్కటిది పోస్తే అంత మేలనేది రెండోది. ఆయిల్ ఏదైనా ఆయిలే, షాపులో ఏదుంటే అది పోయమనేది మూడోది. మూడింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే మూడూ ఇంజిన్‌ను విడిచిపెట్టి డబ్బా వైపు చూస్తున్నాయి. ఆయిల్‌ను నిర్ణయించాల్సింది ఇంజిన్ లోపల బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉన్న సందు, ఆ ఇంజిన్ కట్టిన తీరు, బండి తిరిగే ఊరి వేడి. ఈ మూడూ తెలిస్తే మన జిల్లాల్లోని పాత పెట్రోలు కారుకు కావలసింది మామూలు మినరల్ మల్టీగ్రేడ్ ఆయిల్ అనీ, దాన్ని కిలోమీటర్లు చూసి కాక తేదీ చూసి మార్చాలనీ తేలుతుంది. నేను చెప్పబోయేది ఇదే. అలా ఎందుకంటున్నానో, దీనికి వచ్చే అభ్యంతరాలు ఏమిటో చూద్దాం.

ముందు డబ్బా మీది అంకెల సంగతి. 20డబ్ల్యూ-50 అని, 15డబ్ల్యూ-40 అని, 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. వెనుక ఉన్న అంకె, ఆయిల్ నూరు డిగ్రీల వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ముందున్న డబ్ల్యూ అంకె చలిలో పరీక్షించి ఇచ్చినది. ఎంత చలి? 20డబ్ల్యూ అనిపించుకోవాలంటే ఆయిల్‌ను సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 5డబ్ల్యూ అయితే సున్నాకు దిగువన 30 డిగ్రీల దగ్గర. మన నల్లమల పక్కన అమ్రాబాదు మీద డిసెంబరు తెల్లవారుజామున ఎంత చలి పెట్టినా పది డిగ్రీల దరిదాపుల్లో ఆగుతుంది. గద్వాలలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. అంటే ముందటి అంకెను తగ్గించుకోవడానికి పెట్టే అదనపు డబ్బు, కెనడాలోనో నార్వేలోనో ఇంజిన్ తిరగడానికి పెడుతున్న డబ్బు. మనకు పనికొచ్చేది వెనుకటి అంకె.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలికైనది కాదు. ఇంజిన్ అరుగుదలలో పెద్ద భాగం సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణాల్లోనే జరుగుతుంది కదా, అప్పుడు పలచటి ఆయిల్ త్వరగా పైకి అందుతుంది కదా అంటారు. మాటలో కొంత నిజముంది. మన మామూలు ఉదయపు వేడిలో కూడా 5డబ్ల్యూ-30 కన్నా 20డబ్ల్యూ-50 రెండు మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. కానీ ఆ చిక్కదనం పంపు లాగలేనంతది కాదు. పంపు లాగలేని స్థితి వచ్చేది సున్నాకు ఎంతో దిగువన. మన దగ్గర మొదటి క్షణాల్లో అసలు నష్టం చేసేది వేరే ఉంది. నెలల తరబడి షెడ్డులో నిలబడిన బండిలో బేరింగుల మీద, కామ్ మీద ఉన్న పొర కిందికి జారిపోయి ఉంటుంది. అలాంటి బండిని సెల్ఫ్ కొట్టగానే గట్టిగా రేస్ చేస్తే ఏ గ్రేడు ఆయిలూ కాపాడలేదు. ఆయిల్ లైటు ఆరేదాకా ఐడిల్‌లో ఉంచడం ఆయిల్ ఖరీదు కన్నా ఎక్కువ పని చేస్తుంది. దానికి డబ్బు ఖర్చు కూడా లేదు. అందుకే కాబోలు ఎవరూ పెద్దగా చెప్పరు.

ఇక వెనుకటి అంకె. ఇక్కడే అసలు తగువు. పాత బండికి 50, కుదిరితే అంతకంటే చిక్కటిది పోయమనే సలహా మన షెడ్డుల్లో బాగా వినిపిస్తుంది. దీన్ని రెండు సాక్ష్యాలతో పరీక్షించవచ్చు. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు ఉన్న 1489 సీసీ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ ఇంజిన్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మనకు వచ్చింది. ఆ కంపెనీ వాళ్లు ఆ కాలంలో ఇచ్చిన హ్యాండ్‌బుక్కుల్లో, సమశీతోష్ణ దేశాలకే కాదు, ఉష్ణ ప్రాంతాలకు కూడా ఎస్‌ఏఈ 30 గ్రేడు ఆయిల్ రాశారు. ఇంజిన్ గీసినవాళ్ల దృష్టిలో మన ఎండకు 30 చాలు. అయితే వాళ్లు రాసింది కొత్త ఇంజిన్‌కు. ఆనాటి 30 ఒకే గ్రేడు ఆయిల్, పాలిమర్లు కలిపి చిక్కబరిచినది కాదు. రెండో సాక్ష్యం ఇప్పటి ప్రమాణాల్లోంచి వస్తుంది. బేరింగు సందులో ఆయిల్ నలుగుతున్నప్పటి చిక్కదనాన్ని 150 డిగ్రీల వేడి మీద వేరుగా కొలుస్తారు. ఆ కొలతలో 15డబ్ల్యూ-40కీ, 20డబ్ల్యూ-40కీ, 20డబ్ల్యూ-50కీ ప్రమాణం అడిగే కనిష్ఠం ఒకటే, 3.7 మిల్లీపాస్కల్ సెకన్లు. 30 గ్రేడుకు మాత్రం 2.9 ఉంటే చాలు. దీన్ని బట్టి 30 నుంచి 40కి వెళ్లడంలో బేరింగుకు ఖాయంగా దక్కే లాభం ఉంది. 40 నుంచి 50కి వెళ్తే ఆ ఖాయం లేదు. మంచి 50 ఆ కొలతలో ఇంకా పైన ఉండవచ్చు, కానీ ప్రమాణం దానికి పూచీ పడదు.

మరి ఆయిల్ లైటు మాటేమిటి? చాలామంది 50 వైపు పోవడానికి అదే కారణం. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లి, ఈగలపెంట దగ్గర ఘాట్ దిగి ఎక్కి తిరిగొచ్చాక, ఇంజిన్ మరిగి ఉన్నప్పుడు ఐడిల్‌లో లైటు మినుకుమంటుంది. అప్పుడు 50 పోస్తే లైటు ఆరిపోతుంది. ఆయిల్ మార్చాను, ఇంజిన్ బాగుపడింది అనుకుంటారు. ప్రెషర్ అనేది ఆయిల్ ఎంత పారుతోందో చెప్పదు, దారిలో ఎంత అడ్డు తగులుతోందో చెబుతుంది. అరిగిన బేరింగు సందులోంచి పలచటి ఆయిల్ సులువుగా జారిపోతుంది కాబట్టి ప్రెషర్ పడుతుంది, చిక్కటిది జారదు కాబట్టి ప్రెషర్ నిలుస్తుంది. బేరింగు అరుగుదల మాత్రం ఉన్నచోటనే ఉంది. పైగా మరీ చిక్కటి ఆయిల్ పోస్తే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ అవసరానికి మించి లేస్తుంది. అప్పుడు రిలీఫ్ వాల్వు తెరుచుకుని పంపు తోసినదాంట్లో కొంత బేరింగులకు చేరకుండానే చాంబర్‌లోకి తిరిగి పడుతుంది. ఫిల్టర్ దగ్గర బైపాస్ ఉంటే అది కూడా తెరుచుకుని వడకట్టని ఆయిల్ లోపలికి పోతుంది. కాబట్టి నా లెక్క ఇది. ఇంజిన్ పని చేయించి ఎక్కువ కాలం కాని బండికి, కంప్రెషన్ బాగున్న బండికి, 40 సరిపోతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగి ఘాట్ల మీద, ఎండల్లో ఆయిల్ లైటు కొంచెం సతాయిస్తున్న బండికి 50 న్యాయమే, అయితే అది బోరింగు చేయించేదాకా గడువు తీసుకోవడం మాత్రమే. మారుతి 800 వేరే కట్టడం, సందులు బిగువు. దానికి 50 అక్కరలేదు, 40 దాటనవసరం లేదు.

చిక్కదనమే సర్వస్వం కాదని చెప్పడానికి మన పాలమూరు పంటే సాక్ష్యం. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదం ఎక్కువగా పండిన జిల్లాల్లో మనదొకటి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజిన్లు ఆముదంతోనే తిరిగాయి. ఆముదం పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు, లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది, ఆ పొర ఒత్తిడికి తేలిగ్గా తెగదు. కానీ వేడికి జిగురై, రింగులు పట్టేసి, పొర కట్టి గట్టిపడుతుంది. ఆ ఇంజిన్లను కొద్ది గంటలకే విప్పి శుభ్రం చేసేవారు కాబట్టి చెల్లింది. రోజూ తిరిగే కారుకు చెల్లలేదు. చిక్కదనం, పొర గట్టిదనం ఎంతున్నా, ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచే మందులు ఆయిల్‌లో లేకపోతే లాభం లేదు.

ఆ మందుల సంగతి డబ్బా మీది మరో గుర్తు చెబుతుంది. ఏపీఐ అనే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోలు ఇంజిన్ల ఆయిళ్లకు ఎస్ అక్షరంతో మొదలయ్యే తరగతులు ఇస్తుంది. ఎస్‌ఏ అంటే ఏ మందూ లేని ఉత్త ఆయిల్. 1930 తర్వాతి ఇంజిన్లలో చాలావాటికి అది పనికిరాదని ఆ సంస్థే చెబుతోంది. ఎస్‌బీ 1951 తర్వాతి వాటికి పనికిరాదు. అక్కడినుంచి ఎస్‌సీ, ఎస్‌డీ అంటూ 1980 నాటికి ఎస్‌ఎఫ్, 2001లో ఎస్‌ఎల్, 2004లో ఎస్‌ఎం, 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. ఈ వరుస చూస్తే కొత్తదే మేలనిపిస్తుంది. శుభ్రత విషయంలో, వేడికి చెడకుండా నిలవడంలో, అది నిజమే. చిక్కు జింకు దగ్గర వచ్చింది.

అంబాసిడర్, పద్మిని ఇంజిన్లలో కామ్ లోబు ట్యాపెట్ అడుగున నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది. మధ్యలో రోలర్ ఉండదు. అంత చిన్న చోట అంత ఒత్తిడికి ఆయిల్ పొర ఒక్కోసారి తెగుతుంది. అప్పుడు లోహాన్ని కాపాడేది జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక రసాయనం. జెడ్‌డీడీపీ అంటారు. 1940ల నుంచీ ఆయిళ్లలో ఉంది. వేడికీ ఒత్తిడికీ అది లోహం మీద గాజులాంటి పలచటి పూత వేస్తుంది. ఇందులోని ఫాస్ఫరసు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది కనుక కొత్త ప్రమాణాలు దాన్ని తగ్గిస్తూ వచ్చాయి. ఎస్‌ఎం నుంచి ఫాస్ఫరసు 0.08 శాతం దాటకూడదన్నారు. దాంతో అమెరికాలో పాత కార్ల వాళ్లు హడలిపోయారు. కొత్త ఆయిళ్లు మా కామ్‌లను తినేస్తున్నాయన్నారు. జింకు సీసాలు విడిగా కొని కలపడం మొదలైంది. ఆ మాట ఇప్పుడు మన దాకా వచ్చి, ఇక్కడి ఓనర్లు కూడా ఎక్కడెక్కడినుంచో ఆ సీసాలు తెప్పించుకుంటున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ 0.08 శాతం గీత అన్ని ఆయిళ్లకూ కాదు. ఇంధనం ఆదా చేయించే పలచటి గ్రేడులకు, అంటే 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 లాంటి వాటికి పెట్టింది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు ఆ పైగీత వర్తించదు. కింది గీత మాత్రం అన్నింటికీ ఉంది, 0.06 శాతానికి తగ్గకూడదు. అమెరికాలో షాపుల నిండా ఉండేవి పలచటి గ్రేడులు కాబట్టి అక్కడ ఆ భయానికి అర్థముంది. మనం ఎలాగూ ఎండ కోసం చిక్కటి గ్రేడే కొంటున్నాం కాబట్టి ఆ భయం మన దాకా రావాల్సిన పని లేదు. పైగా అక్కడ గగ్గోలు పెట్టింది ఎక్కువగా పెద్ద వీ8 ఇంజిన్లవాళ్లు. వాటి వాల్వు స్ప్రింగులు బలమైనవి. మన అంబాసిడర్ వాల్వు స్ప్రింగులు సాధువులు. ఇక క్యాటలిటిక్ కన్వర్టర్ మన దేశంలో కొత్త పెట్రోలు కార్లకు 1995లో నాలుగు మహానగరాల్లో మొదలైంది. అంతకు ముందటి బండ్లలో అది లేనే లేదు, ఫాస్ఫరసు పాడు చేయడానికి అక్కడ ఏమీ లేదు. కొత్త కామ్ వేయించినప్పుడు మొదటి కొన్ని వందల కిలోమీటర్లకు జింకు ఎక్కువున్న ఆయిల్ వాడడం సబబే. ఆ తర్వాత విడిగా సీసా కలపడం వృథా. మోతాదు మించితే కీడు కూడా. ఆయిల్ కంపెనీ కలిపిన మందుల పాళ్లను మనం షెడ్డులో గరిటెతో మార్చగలమనుకోవడం ధైర్యమే.

ఈ లెక్క పట్టుకుని మన షాపుల్లోకి వెళ్తే ఒక తమాషా కనిపిస్తుంది. పెబ్బేరులోనో, అయిజలోనో, కల్వకుర్తిలోనో పాత కారు ఆయిల్ అని అడిగితే షాపతను తల అడ్డంగా ఊపవచ్చు. కానీ అతని దగ్గర ట్రాక్టర్లకూ, మోటార్ సైకిళ్లకూ అమ్మే ఆయిళ్లు వరసగా ఉంటాయి. ట్రాక్టరు, జీపు డీజిల్ ఇంజిన్లకు వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ మీద సీఐ-4 అనే డీజిల్ తరగతి పక్కన ఎస్‌ఎల్ అనే పెట్రోలు తరగతి కూడా ఉంటే అది అంబాసిడర్‌కు నిక్షేపంగా పనికొస్తుంది. డీజిల్ మసిని కడగడానికి కలిపిన మందులు పాత పెట్రోలు ఇంజిన్‌కు కూడా మేలే చేస్తాయి. నాలుగు స్ట్రోకుల మోటార్ సైకిల్ ఆయిల్ 20డబ్ల్యూ-40 మీద జాసో ఎంఏ అని ఉంటే అందులో ఫాస్ఫరసు 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలని ఆ జపాను ప్రమాణమే అడుగుతుంది. కామ్‌కు కావలసింది సరిగ్గా అంతే. అమెరికా నుంచి సీసా తెప్పించుకునేవాళ్లు వెతుకుతున్నది ఊరి కూడలిలోని బైకు షాపులో ఉంది. షాపులో ఏదుంటే అది పోయమన్న మూడో జవాబులో ఉన్న నిజం ఇదే. ప్రమాదం కూడా అక్కడే ఉంది. అదే వరసలో ట్రాక్టరు హైడ్రాలిక్, గేరు ఆయిల్ డబ్బాలుంటాయి, రెండు స్ట్రోకుల బండ్ల టూటీ ఆయిల్ ఉంటుంది. ఇవేవీ ఇంజిన్ చాంబర్‌లో పోయకూడదు. రంగు చూసి, వేళ్ల మధ్య రుద్ది చూసి తీసుకుంటే మోసపోతారు. అక్షరాలు చదవాలి. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకు సీఎఫ్-4 గానీ, సీహెచ్-4 గానీ 15డబ్ల్యూ-40 చాలు. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పది పాళ్లకు దిగింది, ఆయిల్‌లో ఆమ్లం చేరే బాధ అంతమేరకు తగ్గింది.

పాత ఇంజిన్‌కు డిటర్జెంట్ ఆయిల్ పోయకూడదనే మాట పెద్ద మెకానిక్కుల నోట ఇంకా వినపడుతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకూడదు. దశాబ్దాలపాటు సాదా ఆయిల్‌తో తిరిగిన ఇంజిన్ అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. కడిగే ఆయిల్ ఒక్కసారిగా పోస్తే ఆ మడ్డి ఊడి పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. వాళ్లు అలాంటి ఇంజిన్లు చూసే ఆ మాట అన్నారు. అయితే దానికి మందు మడ్డిని కాపాడుకోవడం కాదు. చాంబర్ విప్పి, మడ్డి తీసి, జల్లెడ కడిగి, కొత్త ఫిల్టర్ వేసి అప్పుడు మంచి ఆయిల్ పోయాలి. మొదటి మార్పు వెయ్యి కిలోమీటర్లకే చేయాలి. డిటర్జెంట్ లేని ఆయిల్‌కు నిజంగా హక్కున్నవి, ఆయిల్ ఫిల్టరే లేని మరీ పాతకాలపు బండ్లు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి నిజాం వారి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ లాంటి వాటి లెక్క వేరు. అవి మ్యూజియం వాళ్ల సమస్య. మన సమస్య అంబాసిడర్.

సింథటిక్ ఆయిల్ గురించి అటూ ఇటూ అతిశయోక్తులున్నాయి. పోస్తే సీళ్లు కొట్టుకుపోయి ఆయిల్ కారుతుందనేది ఒకటి. మొదటి తరం సింథటిక్‌లలో రబ్బరును కుదించేవి ఉండేవి, ఇప్పటివి ఆ దోషం సరిచేసుకున్నాయి. ఈ రోజు కారడానికి అసలు కారణం ఎక్కువగా వాటి పలచదనం. అంబాసిడర్ పాత ఇంజిన్‌కు క్రాంక్ వెనుక వైపు రబ్బరు సీలే ఉండదు. క్రాంక్ మీద తిరుగుడు గాడి ఒకటి కోసి ఉంటుంది, అది ఇంజిన్ తిరిగినంతసేపూ ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. ఆపితే గాడి పని చేయదు, ఒకటి రెండు చుక్కలు రాలతాయి. ఈ కట్టడంలో 5డబ్ల్యూ-30 పోస్తే చుక్కలు చిన్న మడుగవుతాయి. ఆ చుక్కలు చూసి ఇంజిన్ పోయిందని హడావుడి పడేవాళ్లకు ఒక మాట, అది పుట్టుకతో వచ్చిన గుణం. 20డబ్ల్యూ-50 సింథటిక్ పోస్తే ఇంజిన్‌కు చెడు జరగదు. కానీ సింథటిక్ గొప్పతనం గడ్డకట్టే చలిలో పారడం, మరీ వేడికి తట్టుకోవడం, ఎక్కువ కిలోమీటర్లు నిలవడం. మొదటిది మనకక్కరలేదు. మూడోది పాత కారు వాడుకోలేదు. ఎందుకు వాడుకోలేదో చెప్పడానికే తేదీ మాట ఎత్తాను.

పాత కారు కార్బురేటర్ బండి. చోకు లాగినప్పుడల్లా కాలని పెట్రోలు కొంత రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా పెట్రోలు కాలినప్పుడు దాదాపు లీటరుకు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చాలా భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజిన్ అరగంట, ముప్పావు గంట గట్టిగా తిరిగితే ఈ నీరూ పెట్రోలూ ఆవిరై పోతాయి. వారానికొకసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు తిప్పి ఆపేసే బండిలో అవి పోవు, పేరుకుంటాయి. నూనె మూత తీస్తే అడుగున తెల్లటి వెన్నలాంటి జిగురు కనిపించడం దీని గుర్తు. ఆ నీటిలో ఆమ్లాలు కలిసి బేరింగుల రాగి, సీసం పొరలను తింటాయి. 2025 నుంచి మన పెట్రోలు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది.   ఇథనాల్ నీటిని పట్టుకునే గుణం మన సమస్యకు నేరుగా తగులుతుంది, నిలబడి ఉన్న బండి ఆయిల్‌లో తేమ ఇంకా తేలిగ్గా చేరుతుంది.

చట్టం కూడా ఇటువైపే నెడుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకుంటే వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. కానీ ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు, ఇలాంటి వాటికే. ఏడాదికి ఐదారు వందల కిలోమీటర్లు తిరగడం కూడా గగనమే. అలాంటి బండికి పదివేల కిలోమీటర్లు నిలిచే ఆయిల్ కొని, పదివేలు అయ్యాక మారుస్తానంటే దాదాపు ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే మామూలు ఆయిల్ పోసి ఏడాదికొకసారి, అదీ వానాకాలం పోయాక మార్చడం మేలు. తిరిగే బండి అయితే ఐదు వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు. సింథటిక్ డబ్బుతో ఇలా రెండుసార్లు మార్చుకోవచ్చు. రెండుసార్లు మార్చిన మామూలు ఆయిల్ ముందు, మూడేళ్లు ఉంచిన ఖరీదైన ఆయిల్ నిలవదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంజిన్ ఆయిల్‌లో నకిలీ ఎక్కువ. పాత డబ్బాల్లో శుద్ధి చేసిన కాలిన ఆయిల్ నింపి మూత బిగిస్తారు. ప్రభుత్వ చమురు కంపెనీల సొంత ఆయిళ్లు పెట్రోలు బంకులోనే దొరుకుతాయి, అక్కడ కొనడం క్షేమం. వాడిన డబ్బాను చిల్లు పొడిచి పారేయడం ఇంకా మంచిది, అదే డబ్బా మళ్లీ మీ చేతికే రాకుండా.

ఆయిల్ దించేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండాలి, దించిన ఆయిల్‌ను వెడల్పాటి గిన్నెలో పట్టి ఎండలో చూడాలి. నల్లగా ఉందని దిగులు పడకండి, కడిగే ఆయిల్ నల్లబడితేనే పని చేసినట్టు. అందులో వెండి రజను మెరిస్తే బేరింగు అరుగుతోందని, రాగి రంగు తళుకులు కనిపిస్తే పై పొర పోయి అడుగు పొర బయటపడిందని అర్థం. ఆ రెండో స్థితిలో 50 పోసి లైటు ఆర్పుకుని తిరగకుండా చాంబర్ విప్పించి బేరింగులు చూపించండి, క్రాంక్ దాకా పోకముందే. పాత ఫిల్టర్‌ను కోసి లోపలి కాగితం మడతలు కూడా విప్పి చూడండి. దించిన ఆయిల్ మాత్రం కాలువలో పోయకండి, చెదల మందని పొలం గట్టున చల్లకండి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే డీలరుకు చేరేలా షెడ్డులో ఇవ్వండి. మన నేల వాలు కృష్ణ, తుంగభద్రల వైపే.